రోజూ రాస్తే బుర్రకి ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫేస్‌బుక్ పోస్టో, వెబ్ పత్రికకు వ్యాసమో, ఏదో ఒకటి మానకుండా రాసేవాళ్లు, రాద్దామనుకుంటూ వాయిదా వేసేవాళ్లు అడిగే ప్రశ్నలివి. పరిశోధన ఉన్నచోట అదే చెప్పాను. లేనిచోట నా అభిప్రాయమని చెప్పేశాను.

రోజూ రాస్తే మెదడు నిజంగా మారుతుందా? లేక ఇదీ ఒక మోటివేషన్ స్పీచేనా?

మారుతుంది. అయితే ఆ మాటకి పొంగిపోనక్కర్లేదు. పదే పదే చేసే ఏ పనికైనా మెదడు మారుతుంది. వీణ నేర్చుకున్నా మారుతుంది, రోజుకి నాలుగు గంటలు రీల్స్ చూసినా మారుతుంది.

మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం చెప్తాను. లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని పెద్దవాళ్లకి ఆరు నెలలపాటు హిందీ చదవడం, రాయడం నేర్పారు. వాళ్లలో ఎక్కువమంది ముప్పైల్లో ఉన్న ఆడవాళ్లు. నేర్పకముందు ఒకసారి, నేర్పాక ఒకసారి మెదడు స్కాన్ చేశారు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం మార్పు మెదడు పైపొరతో ఆగలేదు. బాగా లోపల ఉండే థాలమస్‌కీ, మెదడు కాండానికీ, చూపుకి సంబంధించిన భాగాలకీ మధ్య పొత్తు పెరిగింది. ముప్పై దాటాక మెదడు గట్టిపడిపోతుందనే మాటకి ఇదొక మంచి జవాబు.

అది అక్షరాలు కొత్తగా నేర్చుకున్నవాళ్ల సంగతి. ఇప్పటికే రాస్తున్నవాళ్ల గురించి జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ లోట్జె బృందం పరిశోధించింది. స్కానర్‌లో పడుకున్న మనిషి చేత కథ రాయించడం తేలికేం కాదు. తల కదలకూడదు, చెయ్యి మాత్రం కదలాలి. దానికోసం ప్రత్యేకంగా రాతబల్ల, అద్దాలు అమర్చుకున్నారు. బాగా అలవాటైన రచయితల్లో కాడేట్ న్యూక్లియస్ అనే భాగం చురుగ్గా కనిపించింది. సాధనతో చేతికొచ్చిన పనుల్లో పాలుపంచుకునే భాగమది. కొత్తవాళ్లలో అది అంతగా కనిపించలేదు. మరి రాసి రాసి అలా అయ్యారా, అలాంటి మెదడు ఉంది కాబట్టే రచయితలయ్యారా? ఆ ప్రయోగం నుంచి తేల్చలేం. "రాస్తే ఐక్యూ పెరుగుతుంది" అని మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేయకండి.

రాసేటప్పుడు బుర్రలో ఏం జరుగుతుంది?

ఒకేసారి చాలా పనులు జరుగుతాయి. ఏం చెప్పాలో వెతుక్కోవాలి, దాన్ని వాక్యంగా పేర్చాలి, పేర్చినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోవాలి. 1980ల మొదట్లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ హేస్, లిండా ఫ్లవర్ కొందరిని కూర్చోబెట్టి, మనసులో మెదిలినదల్లా పైకి అంటూ రాయమన్నారు. ఈ మూడు పనులూ ఒకదాని తర్వాత ఒకటి జరగవని తేలింది. వాక్యం సగంలో ఉండగానే ప్లాన్ మారిపోతుంది. రెండో పేరా రాస్తుంటే మొదటి పేరా అబద్ధమని అర్థమవుతుంది.

ఇంత గందరగోళానికి మెదడు ఇచ్చే చోటు, అంటే వర్కింగ్ మెమరీ, చాలా ఇరుకు. ఒకేసారి ఏడు విషయాలు, అటూ ఇటూగా రెండు పడతాయని 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ అంకెని నాలుగు దగ్గరికి దించేశాడు. నాలుగు బర్నర్ల స్టవ్ మీద ఏడు కూరలు వండాలంటే కొన్ని దించి పక్కన పెట్టక తప్పదు. మెదడుకి ఆ పక్కన చోటే కాగితం, లేదా స్క్రీన్.

రోజూ రాసేవాళ్లకి దక్కే అసలు లాభం కూడా ఇక్కడే ఉంది. ఒత్తు ఎక్కడ పడుతుంది, కామా పెట్టాలా వద్దా, ఏ కీ ఎక్కడుంది లాంటివి కొన్నాళ్లకి ఆలోచించకుండానే జరిగిపోతాయి. ఆ మేరకు చోటు మిగిలి, అసలు విషయానికి దక్కుతుంది.

"విషయం తెలుసు, రాయడమే రావట్లేదు" అనిపిస్తుంది. ఎందుకని?

చాలాసార్లు విషయమే తెలియదు కాబట్టి.

యేల్ విశ్వవిద్యాలయంలో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కైల్ 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. జిప్పు, తాళం లాంటి మామూలు వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంత తెలుసో మార్కులు వేసుకోమన్నారు. అందరూ ధారాళంగా వేసుకున్నారు. తర్వాత "సరే, మెట్టు మెట్టుగా రాసి చూపించండి" అన్నారు. రాశాక మళ్లీ మార్కులు వేసుకోమంటే వాళ్లంతట వాళ్లే తగ్గించుకున్నారు.

మనింటి ఉదాహరణ ఒకటి చూద్దాం. ఉగాది తేదీ ఏటా ఎందుకు మారుతుంది? తెలుగువాళ్లలో ఎవరినడిగినా టక్కున చెప్తారు. రాయడం మొదలుపెట్టండి.

"మన పంచాంగం చాంద్రమానం కాబట్టి." మొదటి వాక్యం అయిపోయింది. చంద్రుడి లెక్కలో పన్నెండు నెలలంటే సుమారు 354 రోజులు. అంటే ఏటా పదకొండు రోజులు ముందుగా రావాలి. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. లెక్క బాగానే కుదిరింది. కానీ ఇలా జరుగుతూ పోతే ఉగాది కూడా రంజాన్‌లాగా చలికాలంలోకీ, వానాకాలంలోకీ వెళ్లిపోవాలి కదా? ఎన్నేళ్లయినా మామిడికాయ దొరికే రోజుల్లోనే ఎందుకొస్తోంది? పైగా 2023లో మార్చి 22న వచ్చిన ఉగాది మరుసటేడు ఏప్రిల్ 9కి పోయింది. పదకొండు రోజులు ముందు రావాల్సింది పోయి పద్దెనిమిది రోజులు ఆలస్యంగా వచ్చింది. ఇక్కడ పెన్ను ఆగుతుంది. అధిక మాసం గుర్తొస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చి ఒక నెల కలిసింది. మరి ఏ నెల అధికమో ఎవరు నిర్ణయిస్తారు? పంతులుగారు కాదు, సూర్యుడు. ఏ చాంద్రమాసంలో సూర్యుడు రాశి మారడో అది అధికమవుతుంది. సుమారు 32, 33 నెలలకోసారి అలాంటి నెల తగులుతుంది. అంటే మనది ఉత్త చాంద్రమానం కాదు, సూర్యుణ్ణి కూడా కలుపుకుని నడిచే లెక్క. మనం రాసిన మొదటి వాక్యమే సగం నిజం!

ఇదే మాట అరుగు మీద కూర్చుని చెప్పి ఉంటే "చాంద్రమానం కదా" అనగానే ఎదుటివాళ్లు తలూపేవారు, మాట వేరే దారి పట్టేది. కాగితం తలూపదు.

కార్ల్ బెరైటర్, మార్లీన్ స్కార్డమాలియా 1987లో రాసేవాళ్లని రెండు రకాలుగా విడదీశారు. తెలిసింది తెలిసినట్టు వరసగా దించేసేవాళ్లు ఒక రకం. రాస్తూ రాస్తూ తెలిసినదాన్నే మార్చుకునేవాళ్లు రెండో రకం. ఏళ్ల తరబడి రోజూ రాస్తూ కూడా మొదటి రకంలోనే ఉండిపోవచ్చు. అందుకే "రోజూ రాస్తున్నాను" అన్నంత మాత్రాన బుర్ర పదునెక్కుతుందని నేననుకోను.

రాస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

రాసిన విషయం బాగా గుర్తుంటుంది. అంతేగాని, వ్యాసాలు రాస్తున్నారని బండి తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుండదు.

ఎలా రాశారన్నది కూడా ముఖ్యమే. చదివిన మాటకంటే తనంతట తాను పుట్టించిన మాట బాగా గుర్తుంటుందని 1978లో స్లమెకా, గ్రాఫ్ చూపించారు. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. కాబట్టి చదివినదాని గురించి రాయాలనుకుంటే ముందు పుస్తకం మూసేయండి, ట్యాబ్ కూడా మూసేయండి. గుర్తున్నంత రాసి, ఆ తర్వాత తెరిచి సరిచూసుకోండి. కాపీ పేస్ట్ చేసి మధ్యలో రెండు మాటలు మార్చడం ఈ లెక్కలోకి రాదు.

చేత్తో రాయడం మంచిదా, టైప్ చేయడం మంచిదా?

2014లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన చేతిరాత వైపు మొగ్గింది. ల్యాప్‌టాప్‌లో నోట్స్ తీసుకున్న విద్యార్థులు చెప్పింది చెప్పినట్టు కొట్టేస్తున్నారనీ, చేత్తో రాసేవాళ్లు అంత వేగం లేక క్లుప్తంగా తమ మాటల్లో రాసుకుంటున్నారనీ, అందుకే వాళ్లకి బాగా అర్థమైందనీ చెప్పింది. చాలా ప్రచారం జరిగింది. అదే ప్రయోగాన్ని వేరేవాళ్లు మళ్లీ చేసి 2021లో ప్రచురిస్తే అంత స్పష్టమైన తేడా రాలేదు. ఈ సంగతికి మాత్రం ప్రచారం జరగలేదు.

2024లో నార్వే నుంచి ఇంకోటి వచ్చింది. 36 మంది విద్యార్థుల తలలకి ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, చేత్తో రాసేటప్పుడు మెదడు భాగాల మధ్య సంబంధాలు ఎక్కువగా కనిపించాయి. అయితే అందులో టైపింగ్ ఒక్క వేలితో చేయించారు. ఎంత నేర్చుకున్నారన్నది కొలవలేదు.

అక్షరాలు దిద్దే వయసు పిల్లలకి మాత్రం చేతిరాతే కావాలి, అందులో నాకు సందేహం లేదు. పెద్దవాళ్లు ఎలా రాసినా ఫరవాలేదు, తొందరపడకుండా రాస్తే చాలు.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేస్తే ఆలోచన దెబ్బతింటుందా?

ఇది నా అభిప్రాయం: దెబ్బతినదు. మొదట్లో తెలుగు మాటని మనసులో ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకుంటూ కొట్టడం నిజంగానే భారం. కొన్నాళ్లకి వేళ్లకే వచ్చేస్తుంది. పైగా కొన్ని కీబోర్డుల్లో ల కీ, ళ కీ తేడా తెలిసి కొట్టకపోతే "కళ్లు ఎర్రబడ్డాయి" అనబోయి "కల్లు ఎర్రబడింది" దాకా పోతుంది. ఆ భయంతోనైనా స్పెల్లింగ్ మీద దృష్టి ఉంటుంది.

నన్ను ఇబ్బంది పెట్టేది పైన కనిపించే సజెషన్ల వరస. "తటపటాయించాను" అని కొడుతుంటే మూడో అక్షరానికే "తప్పు", "తర్వాత" అంటూ ఏవేవో చూపిస్తుంది. అందరూ వాడే మాటలే పైకి వస్తాయి. ఓపిక లేని రోజు మనం అనుకున్న మాట వదిలేసి అది ఇచ్చిన మాటతో సరిపెట్టుకుంటాం. సీరియస్‌గా రాసేటప్పుడు నేను సజెషన్లు ఆపేస్తాను.

నోటితో చెప్పి టైప్ చేయించడం మొదటి డ్రాఫ్టుకి బాగుంటుంది. దాన్ని అలాగే పోస్ట్ చేస్తే మాత్రం "అంటే", "మరి", "అన్నమాట" ఎన్ని ఉన్నాయో చదివేవాళ్లు లెక్కపెడతారు.

తెలుగులో ఆలోచించి రాయడానికీ, ఇంగ్లిష్‌లో రాయడానికీ తేడా ఉంటుందా?

కొంత ఉంటుంది. ఒకే ప్రశ్నని "ఇంతమంది బతుకుతారు" అని ఒకలా, "ఇంతమంది చనిపోతారు" అని ఒకలా అడిగితే మన నిర్ణయం మారిపోతుంటుంది. లెక్క ఒకటే, మాట తీరే వేరు. అదే ప్రశ్నని నేర్చుకున్న పరాయి భాషలో అడిగితే ఆ ఊగిసలాట తగ్గిందని 2012లో బోయజ్ కీసార్ బృందం చూపించింది. పరాయి భాషలో ఉద్వేగం కాస్త దూరంగా ఉంటుందనేది వాళ్లు ఇచ్చిన వివరణల్లో ఒకటి. దాన్నిబట్టి నేను పాటించే పద్ధతి చెప్తాను: డబ్బు వ్యవహారమో, ఉద్యోగం మారాలా వద్దా లాంటిదో అయితే ఇంగ్లిష్‌లో రాసి చూసుకుంటాను. మనుషుల గురించైతే తెలుగులోనే రాస్తాను.

మనసులో బాధ రాసేస్తే తగ్గుతుందంటారు, నిజమేనా?

చాలామందికి కొంత తగ్గుతుంది. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కాలేజీ విద్యార్థుల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు తమ జీవితంలో బాగా బాధపెట్టిన సంఘటన గురించి రాయమన్నారు. ఏం జరిగిందో, అప్పుడు ఏమనిపించిందో కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన రోజు మాత్రం మనసు ఇంకా బరువెక్కింది. తర్వాత ఇలాంటివి వందకు పైగా ప్రయోగాలు జరిగాయి. అన్నీ కలిపి చూస్తే లాభం ఉంది గానీ చిన్నది.

మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో స్కానర్లో చూసిందేమిటంటే, కోపంగానో భయంగానో ఉన్న ముఖాన్ని చూస్తూ ఆ భావానికి పేరు పెట్టగానే, భయాందోళనలకి స్పందించే అమిగ్డాలా చురుకు తగ్గింది. మాటలకి దొరికిన బాధ కొంచెం లొంగుతుంది.

రాతలో అది ఎలా ఉంటుందో చూడండి. మొదటి రోజు ఇలా వస్తుంది: "ఆఫీసులో నన్నెవరూ లెక్కచేయట్లేదు, నా బతుకే ఇంత." రెండో రోజుకి: "మీటింగుల్లో నా మాట ఎవరూ వినరు." మూడో రోజుకి: "గురువారం మీటింగులో డెలివరీ తేదీ కుదరదని చెప్పాను. మేనేజరుగారు ఫోన్ చూసుకుంటున్నారు. నేను మళ్లీ చెప్పలేదు." బతుకంత ఉన్న బాధ ఒక గురువారానికి దిగింది. "మళ్లీ చెప్పలేదు" అన్నచోట మనం చేయగలిగిన పని కూడా ఒకటి కనిపిస్తోంది. అలా కాకుండా వారం రోజులైనా మొదటి వాక్యమే తిప్పి తిప్పి రాస్తుంటే అది ఉపశమనం కాదు, పుండుని గోకడమే. అప్పుడు ఆపేసి మనిషితో మాట్లాడాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకొక్క మాట. ఇలా రాసినదాన్ని ఆ రాత్రే అందరికీ కనిపించేలా పెట్టకండి. పెన్నెబేకర్ విద్యార్థులు ఎవరి పేజీలోనూ పోస్ట్ చేయలేదు!

డైరీ రాయడం, పదిమంది చదివేలా రాయడం, రెండూ ఒకటే కదా?

ఒకటి కాదు. డైరీలో "వాడి సంగతి తెలిసిందే" అని రాసి వదిలేయొచ్చు. బయటివాళ్లకైతే వాడెవడు, సంగతేమిటి, ఎవరికి తెలిసింది అన్నీ చెప్పాలి. తర్వాత వేరొకరికి పాఠం చెప్పాలని ముందే అనుకుని చదివినవాళ్లకి, పరీక్ష ఉంటుందని చదివినవాళ్ల కంటే బాగా గుర్తుందని 2014లో నెస్టోయ్‌కో బృందం తేల్చింది. తీరా చూస్తే వాళ్ల చేత పాఠం చెప్పించనే లేదు. చెప్పాలనే ఊహే విషయాన్ని వేరేగా పేర్చుకునేలా చేసింది.

లైకులు వస్తే ఉత్సాహంగా ఉంటుంది. తప్పా?

తప్పేం కాదు. కానీ లైకు ఉత్సాహంతో ఆగదు, పాఠం కూడా చెప్తుంది.

2016లో లాస్ ఏంజెలెస్‌లో 13 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని స్కానర్లో పెట్టి వాళ్ల ఫొటోలకి వచ్చిన లైకులు చూపించారు. లైకులు ఎక్కువున్నప్పుడు న్యూక్లియస్ అక్యుంబెన్స్ మెరిసింది. తిండికీ డబ్బుకీ మెరిసే భాగమే అది. 2021లో బ్యోర్న్ లిండ్‌స్ట్రోమ్ బృందం పది లక్షలకు పైగా పోస్టులు చూసింది. లైకులు బాగా వస్తున్నప్పుడు మనుషులు తర్వాతి పోస్టు త్వరగా పెడుతున్నారు. జంతువులు బహుమతి కోసం నేర్చుకునే తీరుని వివరించే లెక్కే ఇక్కడా సరిపోయింది.

నాకు వీటికంటే టెన్షన్ పెట్టింది అదే ఏడాది యేల్ నుంచి విలియం బ్రేడీ బృందం చేసిన పని. ట్విట్టర్‌లో 7,331 మంది పెట్టిన కోటీ 27 లక్షల ట్వీట్లు పరిశీలించారు. ఆవేశంగా రాసినప్పుడు లైకులు, షేర్లు ఎక్కువ దక్కినవాళ్లు ఆ తర్వాత ఇంకా ఆవేశంగా రాయడం మొదలుపెట్టారు. రాజకీయంగా మధ్యస్థంగా ఉండే గుంపుల్లోని మనుషుల మీద ఈ ప్రభావం ఇంకా ఎక్కువ.

మన ఫేస్‌బుక్‌లో ఇది కళ్లముందే కనిపిస్తుంది. వరి సాగు గురించి ఓపిగ్గా రాసే మనిషి ఒకరోజు చిరాకులో ఏదో సినిమా హీరో అభిమానుల్ని తిడతాడు. మామూలుగా ముప్పై లైకులు వచ్చేచోట వెయ్యి వస్తాయి. ఏడాది తిరిగేసరికి ఆయన పేజీలో వరి ఉండదు. ఆయన్నెవరూ బలవంతపెట్టలేదు. ఏం రాయాలో ఆయన బుర్ర నేర్చుకుంది, అంతే. రాత ఆలోచనని మారుస్తుందన్న మాట ఇటువైపు కూడా నిజమే.

పోస్ట్ చేశాక ఆ పూటకి నోటిఫికేషన్లు ఆపేయడం నాకు తెలిసిన ఒకే ఒక్క మందు.

రాస్తూ మధ్యలో ఒక్క నిమిషం వాట్సాప్ చూస్తే ఏమవుతుంది?

నిమిషంతో పోదు. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. ఫోన్ పక్క గదిలో పెట్టండి.

ఏఐతో రాయిస్తే ఈ లాభాలు వస్తాయా?

రాయించుకున్నది వస్తుంది. రాయడం వల్ల వచ్చేది రాదు.

2025లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో నటాలియా కోస్మినా బృందం 54 మందిని మూడు జట్లుగా చేసి వ్యాసాలు రాయమంది. ఒక జట్టుకి చాట్‌జీపీటీ, ఒకదానికి సెర్చ్ ఇంజిన్ ఇచ్చారు, మూడోదానికి ఏమీ ఇవ్వలేదు. చాట్‌జీపీటీ వాడినవాళ్ల మెదడు భాగాల మధ్య సంబంధాలు అందరికంటే బలహీనంగా కనిపించాయి. ఇప్పుడే రాసిన వ్యాసంలోంచి ఒక వాక్యం చెప్పమంటే వాళ్లలో చాలామంది చెప్పలేకపోయారు. చిన్న ప్రయోగం, తోటి శాస్త్రవేత్తల సమీక్ష కాకముందే బయటపెట్టినది. అందుకే "ఏఐ మెదడుని తినేస్తుంది" లాంటి హెడ్డింగులు అతి. అయినా పైన చెప్పిన ఉగాది లెక్కనే ఏఐని అడిగి ఉంటే ఏమయ్యేది? అధిక మాసం దాకా అన్నీ నీటుగా వచ్చేవి. మన మొదటి వాక్యం సగమే నిజమని మనకి ఎప్పటికీ తెలిసేది కాదు.

నా పద్ధతి: ముందు నేనే రాస్తాను. ఆ తర్వాత "ఇందులో ఎక్కడ లెక్క తప్పింది?" అని దాన్ని అడుగుతాను.

21 రోజులు రాస్తే అలవాటవుతుందా?

ఆ అంకెని నమ్మకండి. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో చూపించిన లెక్కలో ఒక పని అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254. అవి పండు తినడం, పరుగెత్తడం లాంటి పనులు, రాయడం ఇంకాస్త మొండిది. మధ్యలో ఒక్కరోజు తప్పితే ఏమీ కాలేదన్నది ఆ పరిశోధనలో నాకు నచ్చిన మాట.

నిద్ర పట్టడానికి రాయడం పనికొస్తుందా?

వస్తుంది, కానీ రేపటి పనుల జాబితా రాస్తే. 2018లో మైకేల్ స్కలిన్ బృందం 57 మందితో పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయించింది. రేపు చేయాల్సినవి రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే దాదాపు తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. కాగితం మీద రాయండి, ఫోన్‌లో కాదు.

మా నాన్నగారికి డెబ్భై దాటింది. రాయమంటే మతిమరుపు రాకుండా ఉంటుందా?

రాకుండా ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ విషయంలో ఎక్కువగా చెప్పేది అమెరికాలోని క్రైస్తవ సన్యాసినుల మీద డేవిడ్ స్నోడన్ చేసిన పరిశోధన. వాళ్లు సుమారు 22 ఏళ్ల వయసులో రాసిచ్చిన స్వీయ పరిచయాలు మఠంలో భద్రంగా ఉన్నాయి. దాదాపు అరవై ఏళ్ల తర్వాత వాటిని తీసి, ప్రతి పది మాటల్లో ఎన్ని భావాలు ఇమిడాయో లెక్కగట్టారు. పలచగా రాసినవాళ్లలో ముసలితనంలో అల్జైమర్స్ ఎక్కువగా కనిపించిందని 1996లో ప్రచురించారు. దీన్ని "చిక్కగా రాస్తే అల్జైమర్స్ రాదు" అని చదువుకోకూడదు. చిక్కగా రాయగలగడమే అప్పటికే గట్టిగా ఉన్న మెదడుకి గుర్తు కావచ్చు.

2013లో షికాగోలోని రష్ వైద్య కేంద్రం నుంచి వచ్చినది కాస్త ధైర్యం ఇస్తుంది. 294 మందిని ఏళ్ల తరబడి పరీక్షించి, చనిపోయాక మెదడు కూడా చూశారు. మెదడులో జబ్బు ఆనవాళ్లు ఒకే మోతాదులో ఉన్నా, పెద్ద వయసులో చదవడం, రాయడం లాంటివి చేస్తూ ఉన్నవాళ్లలో జ్ఞాపకం, ఆలోచన మెల్లగా తగ్గాయి.

నాన్నగారికి "రాయండి, మెదడుకి మంచిది" అని చెప్తే మాత్రల్లాగే పక్కన పెట్టేస్తారు. ఏదైనా ప్రశ్న అడగండి. "తాతగారు ఆ పొలం ఎందుకు అమ్మారు నాన్నా? వివరంగా రాసి పంపించండి" అనండి. ఒత్తులు తప్పినా దిద్దకండి. రెండో ప్రశ్న అడగండి.

నాలో మార్పు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

స్కాన్ అక్కర్లేదు, యాప్ ఇచ్చే స్కోరూ అక్కర్లేదు. ఏడాది కిందట మీరు రాసింది ఒకటి తీసి, అందులో "కాబట్టి", "అందువల్ల" ఉన్నచోటల్లా ఆగండి. ముందు వాక్యం నుంచి వెనక వాక్యం నిజంగా వస్తోందా, లేక అక్కడ ఊరికే అతికించారా చూడండి. అతుకులు ఇప్పుడు కనిపిస్తున్నాయంటే మారినట్టే. నిన్న రాసినదాన్ని కూడా అలాగే చూడండి.